రెండో కేబుల్ ఎప్పుడు పనిచేయాలి?

సైనిక్‌పురి మొదట సైన్యంలో పనిచేసినవారి కోసం ఏర్పడిన ఇళ్ల కాలనీ. ఇప్పుడు ఆ ఇళ్లలో చాలాచోట్ల క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు, చిన్న ఆఫీసులు నడుస్తున్నాయి. సంస్థ కాస్త పెరిగితే పక్క ఇల్లు అద్దెకు తీసుకుంటారు. ఇంకా పెరిగితే సందు అవతలి ఇల్లు తీసుకుంటారు. ప్రతి ఇంట్లో ఒక స్విచ్ పెడతారు. స్విచ్ అంటే కంప్యూటర్లు, కెమెరాలు, వైఫై పెట్టెలు అన్నిటినీ కలిపే పరికరం. ఒక ఇంటి స్విచ్ నుంచి మరో ఇంటి స్విచ్‌కు కేబుల్ లాగుతారు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు సహజంగానే అడుగుతారు: ఈ కేబుల్ తెగితే మన పరిస్థితేమిటి? ఇంకో దారి కూడా వేద్దాం.

రెండో దారి వేయడం మంచి పనే. కానీ వేసిన మరుక్షణం ఇంకో ప్రశ్న పుడుతుంది. రెండు దారుల్లో ఏది పనిచేయాలి, ఏది ఆగి ఉండాలి? దీనికి మనం జవాబు చెప్పకపోతే స్విచ్‌లే చెప్పుకుంటాయి. అవి చెప్పుకునే జవాబు చాలాసార్లు మనకు పనికొచ్చేది కాదు. మన జవాబును స్విచ్‌కు అంకె రూపంలో చెప్పే పద్ధతే పాత్ కాస్ట్ (దారికి కట్టే ఖర్చు). ఈ వ్యాసం దాని గురించే.

రెండు దారులూ ఒకేసారి ఎందుకు పనిచేయకూడదన్నది ముందు చూద్దాం.

నెట్‌వర్క్‌లో కొన్ని సందేశాలు అందరికీ వెళ్లాలి. కొత్తగా ఆన్ చేసిన కంప్యూటర్ తనకు అడ్రస్ ఇవ్వమని అడిగే సందేశం అలాంటిదే. దీన్ని బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వేసే కేక) అంటారు. బ్రాడ్‌కాస్ట్ ఒక పోర్టులో (స్విచ్‌కు కేబుల్ గుచ్చే చోటు) వస్తే, స్విచ్ దాన్ని మిగతా పోర్టులన్నిటి నుంచీ బయటికి పంపుతుంది. మూడు స్విచ్‌లు మూడు మూలలుగా కలిసి ఉంటే, మొదటిది రెండోదానికి పంపుతుంది, రెండోది మూడోదానికి, మూడోది మళ్లీ మొదటిదానికి. ఎదురు దిశలోనూ ఇదే జరుగుతుంది. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ప్యాకెట్‌ను పారేస్తారు. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు (స్విచ్‌ల మధ్య ప్రయాణించే సందేశపు మూట) అలాంటి లెక్కేదీ లేదు. ఒక్క ఫ్రేమ్ చక్రంలో పడితే ఎవరో ఒకరు కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఎంత వేగంగా తిరుగుతుంది? సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఉన్న తీగ మీద అతి చిన్న ఫ్రేమ్‌లు సెకనుకు సుమారు 14.88 లక్షలు పడతాయి. చక్రం ఏర్పడిన కొద్ది క్షణాల్లోనే ఆ తీగ నిండిపోతుంది. ఇక అసలు పనికి చోటుండదు. ఒకే కంప్యూటర్ ఒకసారి ఈ పోర్టులో, మరోసారి ఆ పోర్టులో ఉన్నట్టు కనబడి, ఏది ఏ పోర్టులో ఉందో స్విచ్‌లు రాసుకునే పట్టికలు కూడా తారుమారవుతాయి. టెక్నీషియన్లు దీన్నే 'లూప్ పడింది' అంటారు.

దీనికి విరుగుడు కనిపెట్టినవారు అమెరికన్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్. అప్పుడామె డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసేవారు. మినీ కంప్యూటర్లకు ప్రపంచమంతా పేరుపొందిన కంపెనీ అది.

పెర్ల్‌మన్ తన పద్ధతిని 1985లో ప్రచురించారు. ఆ పత్రంలో తాను రాసిన చిన్న కవిత కూడా పెట్టారు. 1990లో ఆ పద్ధతి 802.1డి అనే ప్రమాణంలో భాగమైంది. పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ (అన్ని స్విచ్‌లనూ కలుపుతూ ఎక్కడా చక్రం లేని చెట్టు). ఆలోచన ఇది. తీగలన్నీ ఉండనివ్వాలి. చక్రం ఏర్పడేచోట మాత్రం ఒక పోర్టును మూసి ఉంచాలి. పనిచేసే తీగ తెగితే మూసినదాన్ని తెరవాలి.

ఏ పోర్టు మూయాలో స్విచ్‌లు ఎలా నిర్ణయించుకుంటాయి? రెండు మెట్లుంటాయి.

మొదటి మెట్టు, రూట్ బ్రిడ్జ్ (చెట్టుకు వేరుగా నిలిచే స్విచ్) ఎంపిక. ప్రతి స్విచ్‌కు ఒక ప్రయారిటీ అంకె ఉంటుంది. ఎవరూ మార్చకపోతే అది 32768. అందరికీ అదే అంకె ఉంటే, ఎవరి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పడే గుర్తింపు సంఖ్య) చిన్నదైతే అదే రూట్. కంపెనీలు ఈ సంఖ్యలను ఎక్కువగా వరసలో వాడుకుంటూ పోతాయి. అందువల్ల ఒకే కంపెనీ స్విచ్‌లలో పాతదాని సంఖ్య చిన్నదిగా ఉండే అవకాశం ఎక్కువ. అంటే ఎవరూ పట్టించుకోని నెట్‌వర్క్‌లో పదేళ్ల కిందటి, అన్నిటికన్నా బలహీనమైన స్విచ్ వేరుగా కూర్చునే ప్రమాదం ఉంది.

రెండో మెట్టు పాత్ కాస్ట్. రూట్ ప్రతి రెండు సెకన్లకు ఒక చిన్న సందేశం పంపుతుంది. దాన్ని బీపీడీయూ అంటారు. అందులో 'నా దగ్గర నుంచి నాకు ఖర్చు సున్నా' అని ఉంటుంది. పక్క స్విచ్ ఆ సందేశం అందుకుని, అది వచ్చిన పోర్టు ఖర్చును దానికి కలుపుతుంది. ఆ మొత్తాన్ని తన తర్వాతి స్విచ్‌కు చెబుతుంది. ఆ స్విచ్ మళ్లీ తన పోర్టు ఖర్చు కలుపుకుంటుంది. ఇలా ప్రతి స్విచ్‌కూ రూట్ దాకా ఒక్కో దారికి ఎంత మొత్తమో తెలుస్తుంది. తక్కువ మొత్తం వచ్చిన పోర్టు రూట్ పోర్టు అవుతుంది. రెండు దారులకూ మొత్తం ఒకటే వస్తే ఏ పక్క స్విచ్ గుర్తింపు సంఖ్య చిన్నదో చూస్తుంది. అదీ తేలకపోతే పంపిన పోర్టు సంఖ్య చూస్తుంది. అవసరం లేని పోర్టులు మూతపడతాయి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఖర్చు కలిపేది అందుకునే స్విచ్. పంపే స్విచ్ కాదు. ఎన్నో గంటల శ్రమ వృథా అయ్యేది ఈ మాట తెలియకే. రూట్ మీద కూర్చుని దాని పోర్టు ఖర్చు ఎంత మార్చినా చెట్టు ఆకారం మారదు.

పోర్టు ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? మనం చెప్పకపోతే పోర్టు వేగాన్ని బట్టి స్విచ్ ఒక పట్టిక చూసుకుంటుంది. 1998 నాటి పట్టికలో 10 మెగాబిట్లకు 100, 100 మెగాబిట్లకు 19, ఒక గిగాబిట్‌కు 4, 10 గిగాబిట్లకు 2. వేగం పెరిగితే ఖర్చు తగ్గుతుంది. కానీ 2 దాకా వచ్చాక ఇక కిందికి పోవడానికి చోటేది? అందుకే 2001లో పెద్ద అంకెల పట్టిక వచ్చింది. అందులో 100 మెగాబిట్లకు 2,00,000, ఒక గిగాబిట్‌కు 20,000, 10 గిగాబిట్లకు 2,000, 100 గిగాబిట్లకు 200. ఈ రెండు పట్టికలూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. దాని పర్యవసానం తర్వాత చూద్దాం.

ఇప్పుడు ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సైనిక్‌పురిలో ఒక విద్యాసంస్థకు మూడు భవనాలున్నాయి. ఆఫీసు, ల్యాబ్, హాస్టల్. ఇంటర్నెట్ లైనూ సర్వరూ ఆఫీసులో ఉన్నాయి. ఆఫీసు నుంచి ల్యాబ్‌కు గిగాబిట్ ఫైబర్ ఉంది. ల్యాబ్ నుంచి హాస్టల్‌కు ఇంకో గిగాబిట్ ఫైబర్. హాస్టల్ సందు అవతల ఉంది కాబట్టి, ఆఫీసు మేడ మీద నుంచి హాస్టల్ మేడ మీదికి ఒక వైర్‌లెస్ లింక్ కూడా పెట్టారు. రెండు చిన్న యాంటెనాలు ఎదురెదురుగా ఉంటాయి. మూడు భవనాలు, మూడు లింకులు, ఒక చక్రం.

అదృష్టం కొద్దీ ఆఫీసు స్విచ్ రూట్ అయిందనుకుందాం. హాస్టల్ స్విచ్‌కు రెండు దారులు. ల్యాబ్ మీదుగా వస్తే 4, 4 కలిపి 8. వైర్‌లెస్ మీదుగా నేరుగా వస్తే? యాంటెనాను స్విచ్‌కు కలిపే కేబుల్ గిగాబిట్ వేగంతో పలుకుతుంది. స్విచ్‌కు తెలిసేది ఆ కేబుల్ వేగమే. కాబట్టి ఖర్చు 4. నాలుగు, ఎనిమిది కన్నా తక్కువ. హాస్టల్ స్విచ్ వైర్‌లెస్‌ను ఎంచుకుని, ల్యాబ్ హాస్టల్ మధ్య ఫైబర్‌ను మూసేయిస్తుంది.

కానీ గాలిలో నడిచే ఆ లింక్ నిజంగా గిగాబిట్ మోస్తుందా? మోయదు. అది 100 మెగాబిట్ల తరగతి పరికరం అనుకుందాం. మధ్యలో చెట్టు కొమ్మలు ఎదిగితే, చుట్టుపక్కల అదే ఫ్రీక్వెన్సీలో ఇంకొకరు పరికరం పెడితే, అదీ తగ్గుతుంది. సైనిక్‌పురి దగ్గరి ఈసీఐఎల్ చౌరస్తాలో రోడ్డు ఎంత వెడల్పుందో చూసి, నాచారం దాకా అంతే వెడల్పు ఉంటుందని నమ్మి బయల్దేరినట్టుంది ఈ లెక్క. స్విచ్ తన గుమ్మం ముందు రోడ్డును మాత్రమే చూడగలదు. ఫలితంగా మంచి ఫైబర్ ఖాళీగా పడి ఉంటుంది, హాస్టల్ పిల్లలంతా బలహీనమైన లింక్ మీద పడతారు. ఏ పరికరమూ తప్పు చూపించదు. అన్ని లైట్లూ పచ్చగా వెలుగుతూనే ఉంటాయి. 'నెట్ స్లో' అన్న ఫిర్యాదు మాత్రం రోజూ వస్తుంది. నా ఉద్దేశంలో పాత్ కాస్ట్‌ను చేత్తో మార్చాల్సిన అవసరం అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇలాంటి చోటే. పోర్టు వేగం ఒకటి, దాని వెనకున్న దారి అసలు సత్తా ఇంకొకటి అయినప్పుడు. ఆపరేటర్ దగ్గర 50 మెగాబిట్ల లైన్ అద్దెకు తీసుకుని, దాన్ని గిగాబిట్ పోర్టులో పెట్టినా ఇదే సమస్య.

సరిదిద్దడం తేలిక. హాస్టల్ స్విచ్‌లో, యాంటెనా వైపు పోర్టుకు ఖర్చు 19 అని రాయాలి. సిస్కో కంపెనీ తరహా స్విచ్‌లో ఆ పోర్టులోకి వెళ్లి 'స్పానింగ్-ట్రీ కాస్ట్ 19' అని కొడితే చాలు. బ్రౌజర్‌లో తెరుచుకునే స్విచ్ అయితే పోర్టు సెట్టింగుల్లో పాత్ కాస్ట్ అనే గడి ఉంటుంది. చాలావాటిలో అక్కడ సున్నా ఉంటే 'వేగాన్ని బట్టి నువ్వే చూసుకో' అని అర్థం. ఆ సున్నా తీసి 19 పెట్టాలి. ఇప్పుడు ఫైబర్ దారి 8, వైర్‌లెస్ దారి 19. హాస్టల్ ఫైబర్ మీదికి వస్తుంది, వైర్‌లెస్ ఆగి ఉంటుంది. ల్యాబ్ హాస్టల్ మధ్య ఫైబర్ తెగితే హాస్టల్ వైర్‌లెస్‌కు మారుతుంది. ఆఫీసు ల్యాబ్ మధ్యది తెగితే ల్యాబ్ కూడా హాస్టల్ మీదుగా, 4, 19 కలిపి 23 ఖర్చుతో ఆఫీసును చేరుతుంది. వేగం తగ్గుతుంది. పని ఆగదు.

ఇప్పటిదాకా అదృష్టం కొద్దీ ఆఫీసు స్విచ్ రూట్ అయిందనుకున్నాం. అలా కాకుండా హాస్టల్‌లోని పాత స్విచ్ రూట్ అయితే? అప్పుడు ఆఫీసు స్విచ్ హాస్టల్‌కు దారి వెతుక్కుంటుంది. వైర్‌లెస్ మీదుగా 4, ల్యాబ్ మీదుగా 8. ల్యాబ్ నుంచి హాస్టల్‌కు ఫైబర్ మీదుగా 4. కాబట్టి మూతపడేది ఆఫీసు ల్యాబ్ మధ్య ఫైబర్! ల్యాబ్‌లో విద్యార్థి సర్వర్‌లోని ఫైల్ తెరిస్తే, ఆ ఫైల్ ఆఫీసు మేడ ఎక్కి, గాలిలో సందు దాటి హాస్టల్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఫైబర్ మీదుగా ల్యాబ్‌కు వస్తుంది. పైగా మనం హాస్టల్ పోర్టు మీద రాసిన 19 ఇక్కడ ఎందుకూ పనికిరాదు. హాస్టలే రూట్ కదా, దానికి కలుపుకోవడానికి ఖర్చే లేదు.

కాబట్టి ఖర్చుల జోలికి వెళ్లే ముందు రూట్ ఎవరో మనమే తేల్చాలి. ఆఫీసు స్విచ్‌కు ప్రయారిటీ 4096, అది పోతే ఆ స్థానం తీసుకోవాల్సిన ల్యాబ్ స్విచ్‌కు 8192 ఇవ్వాలి. ఈ అంకె 4096 చొప్పున మెట్లలోనే మారుతుంది. ఇంటర్నెట్, సర్వర్లు ఎక్కడుంటే వాటికి దగ్గరి స్విచ్ రూట్ కావాలి, ఎందుకంటే ఎక్కువ ప్రయాణం అటే. ఖర్చు మాత్రం లింక్ రెండు కొసల్లోనూ ఒకటే రాయడం మంచి అలవాటు. రూట్ మారిన రోజున రెండో కొస అంకె అక్కరకొస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలి? చిన్న సంస్థల నెట్‌వర్క్‌లు చూస్తుండగానే పెద్దవయ్యాయి. ప్రతి గేటుకూ కెమెరా, ప్రతి అంతస్తుకూ వైఫై పెట్టె, హాజరుకు వేలిముద్ర యంత్రం. తెలంగాణలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. దాంతో మామూలు కాలేజీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ ఆగడం కూడా పెద్ద విషయమే అయింది. పాత స్పానింగ్ ట్రీలో తీగ తెగితే కొత్త దారి తెరుచుకోవడానికి 30 సెకన్లు, కొన్ని సందర్భాల్లో 50 సెకన్లు పడుతుంది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ (అదే పద్ధతికి వేగవంతమైన రూపం) దాన్ని చాలాసార్లు ఒకటి రెండు సెకన్లకు, అంతకన్నా తక్కువకు దించుతుంది. స్విచ్‌లో ఆ సౌకర్యం ఉంటే తప్పక పెట్టుకోవాలి.

రెండో కారణం ముందు చెప్పిన ఆ రెండు ఖర్చుల పట్టికలు. పాత స్విచ్‌ల మధ్య ఒక కొత్త స్విచ్ చేరుతుంది. పాతవి గిగాబిట్‌కు 4 అంటాయి, కొత్తది 20,000 అంటుంది. కొన్ని లింకులకు ఒక లెక్క, కొన్నిటికి ఇంకో లెక్క పడితే పోలికే చెడిపోతుంది. మూడు పాత స్విచ్‌ల మీదుగా చుట్టూ తిరిగే దారి 12గా తేలి, ఒక్క కొత్త గిగాబిట్ లింక్ 20,000గా తేలితే, స్విచ్‌లు చుట్టు దారినే పట్టుకుంటాయి. అన్నీ పెద్ద పట్టికను అర్థం చేసుకునేవైతే అన్నిటినీ దానికి మార్చాలి. సిస్కోలో ఆ ఆదేశం 'స్పానింగ్-ట్రీ పాత్‌కాస్ట్ మెథడ్ లాంగ్'. ఒక్కటైనా పాత పట్టిక దగ్గరే ఆగిపోయినదైతే అన్నిటినీ చిన్న పట్టికలోనే ఉంచాలి. ఏదైనా సరే, అందరికీ ఒకటే ఉండాలి. చేత్తో రాసిన అంకెలకు కూడా ఇదే వర్తిస్తుంది. చిన్న పట్టికలో 19 పెద్ద ఖర్చు, పెద్ద పట్టికలో 19 దాదాపు ఉచితం. మన ఉదాహరణలో పెద్ద పట్టిక వాడుతూ వైర్‌లెస్‌కు 19 రాస్తే అది ఫైబర్లన్నిటినీ ఓడించి కూర్చుంటుంది. అక్కడ రాయాల్సింది 2,00,000.

నిర్ణయాలు పాతబడితే ఏమవుతుందో చూపించిన ఘటన అమెరికాలో జరిగింది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ 2002 నవంబర్ 13న కుప్పకూలింది. అక్కడ చాలా పనులు అప్పటికే కంప్యూటర్ల మీద నడుస్తున్నాయి. ఒక పరిశోధకుడి ప్రోగ్రాం పెద్ద మొత్తంలో డేటా పంపడంతో లింకులు నిండిపోయాయి. స్పానింగ్ ట్రీ సందేశాలు సమయానికి అందలేదు, చక్రాలు పడ్డాయి. దాని కింద అసలు కారణం ఒకటుంది. స్పానింగ్ ట్రీ సమయాల లెక్క ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏడు స్విచ్‌లకు మించదన్న ఊహ మీద వేసినది. ఆ నెట్‌వర్క్ ముక్కలు ముక్కలుగా పెరుగుతూ ఆ హద్దు దాటిపోయింది. నాలుగు రోజుల పాటు వైద్యులు, నర్సులు కాగితాల మీద రాసుకున్నారు. ల్యాబ్ ఫలితాలను మనుషులు చేతపట్టుకుని తిరిగారు. అప్పటి సమాచార విభాగాధిపతి జాన్ హలాంకా జరిగినదంతా దాచకుండా బయటికి చెప్పారు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దాని మీద వ్యాసం వచ్చింది. అంత నిజాయితీగా చెప్పబట్టే ఇవాళ మనం దాని నుంచి నేర్చుకోగలుగుతున్నాం. ఆయన చేసిన ఆ పనిని నేను చాలా గౌరవిస్తాను.

సైనిక్‌పురిలో ఏ సంస్థకూ ఏడు స్విచ్‌ల వరస అంత త్వరగా రాదనిపించవచ్చు. కానీ కెమెరా కోసం ఒక చిన్న స్విచ్, దాని నుంచి గేటు దగ్గర ఇంకొకటి, అక్కడి నుంచి పార్కింగ్‌లో మరొకటి అంటూ గొలుసు పెరుగుతుంది. ఈ చిన్న స్విచ్‌లలో చాలావాటికి స్పానింగ్ ట్రీయే తెలియదు. ఒకే కేబుల్ రెండు కొసలనూ ఎవరైనా అందులో పెడితే పాత్ కాస్ట్ ఏమీ చేయలేదు. దానికి వేరే రక్షణలున్నాయి. కంప్యూటర్లు మాత్రమే ఉండాల్సిన పోర్టులో బీపీడీయూ కనబడితే ఆ పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్, బ్రాడ్‌కాస్ట్ హద్దు దాటితే ఆపే స్టార్మ్ కంట్రోల్. వీటిని కూడా పెట్టుకోవాలి.

ఒకే తీగ మీద కెమెరాలకు, ఆఫీసుకు వేర్వేరు విఎల్‌ఏఎన్‌లు (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) ఉంటే, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు రాసే వీలు కొన్ని స్విచ్‌లలో ఉంటుంది. కెమెరాలు ఒక లింక్ మీద, మిగతా పని ఇంకో లింక్ మీద నడుస్తాయి. అప్పుడు ఏ లింకూ పూర్తిగా ఖాళీగా ఉండదు.

మార్పు చేశాక పరీక్షించకపోతే చేసినట్టు కాదు. సెలవు రోజున 'షో స్పానింగ్-ట్రీ' ఆదేశంతో రూట్ ఎవరో, ఏ పోర్టు మూసి ఉందో చూడాలి. హాస్టల్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఆఫీసు సర్వర్‌కు పింగ్ (బతికే ఉన్నావా అని సెకనుకోసారి అడిగే సందేశం) పెట్టి వదలాలి. ఇప్పుడు ఫైబర్ పీకాలి. ఎన్ని పింగ్‌లు పోయాయో లెక్కపెట్టాలి. ఒకటి రెండు పోతే ర్యాపిడ్ పద్ధతి పనిచేస్తోంది. ముప్పై పోతే ఎక్కడో ఒక స్విచ్ ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. ఫైబర్ తిరిగి పెట్టాక దారి మళ్లీ ఫైబర్ మీదికి వచ్చిందా అన్నది కూడా చూడాలి. చాలామంది ఈ చివరి సగం వదిలేస్తారు.

తర్వాత ఏ పోర్టుకు ఏ అంకె, ఏ తేదీన, ఏ కారణంతో రాశారో ఒక కాగితం మీద పెట్టి స్విచ్ పెట్టె తలుపుకు లోపల అతికించాలి. ఎందుకంటే చేత్తో రాసిన ఖర్చు వేగంతో పాటు మారదు. రెండేళ్ల తర్వాత ఆ వైర్‌లెస్ తీసేసి సందు కింద నుంచి 10 గిగాబిట్ల ఫైబర్ వేశారనుకోండి. అది అదే పోర్టులోకి వస్తే స్విచ్ దాన్ని 2గా లెక్కించదు, 19గానే లెక్కిస్తుంది. డబ్బు పోసి వేసిన కొత్త ఫైబర్ మూసిన పోర్టు వెనక ఖాళీగా ఉంటుంది. ఆ రోజు పనికి వచ్చిన టెక్నీషియన్ తలుపు తీసి కాగితం చూస్తే, ముందు 19 చెరిపేసి ఆ తర్వాతే కేబుల్ పెడతాడు.